ఆవుల గోమారి గుర్రం మీదికి ఎక్కితే: మందలోని జంతువులన్నింటినీ కలిపి కాపాడుకునే సమగ్ర మార్గదర్శి

మందలోని ఆవులన్నింటికీ మందు కొట్టారు. మూడు వారాలకు మళ్లీ కొట్టారు. ఇంకో మూడు వారాలకు మరోసారి. అయినా పొదుగు చుట్టూ, గంగడోలు మడతల్లో గోమార్లు కనిపిస్తూనే ఉన్నాయి. మందు నకిలీదని ఒకరంటారు, మోతాదు చాలలేదని ఇంకొకరంటారు. రెండూ నిజం కావచ్చు. కానీ ఆ మాట అనుకునే ముందు అదే బీడులో మేస్తున్న గుర్రం దగ్గరికి వెళ్లండి. దాని ముందరి కాళ్ల మధ్య, ఛాతీ కింద అరచేయి ఆనించి మెల్లగా నిమరండి. వేళ్లకు చిన్న చిన్న గింజల్లాంటివి తగిలాయంటే మీ ఆవుల మీదికి మళ్లీ మళ్లీ వస్తున్న గోమార్లు ఎక్కడ పెరుగుతున్నాయో తెలిసిపోయినట్టే.

పేరులో ఆవు ఉంది కాబట్టి ఈ గోమారి ఆవులకే పరిమితమనుకోవడం చాలా మంది చేసే పొరపాటు. నేనూ చాలాకాలం గుర్రాన్ని తనిఖీ చేయడం అవసరమనుకోలేదు. ఆవుల గోమారికి ఆవే ఇష్టమైన ఆతిథేయి, అంటే అది ఎక్కి రక్తం తాగి పెరిగే జంతువు, అందులో అనుమానం లేదు. కానీ ఆవు దొరకనప్పుడు, లేదా ఆవుతోపాటు ఇతర జంతువులూ అదే గడ్డిలో తిరుగుతున్నప్పుడు, గుర్రం, గాడిద, గేదె, మేక, గొర్రె, దుప్పి, మనుబోతు వంటి వాటిమీద కూడా అది పెరిగి, గుడ్లు పెట్టే దశకు చేరగలదు. వాటిని పట్టించుకోకుండా ఆవులకు మాత్రమే మందు కొట్టడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే.

గోమారి రోజుల లెక్క

గోమారిని కొన్ని ప్రాంతాల్లో పిడుదు అంటారు. ఇది కీటకం కాదు. సాలీడు, తేలు ఉన్న వర్గానికి చెందినది. ఆవుల గోమారి శాస్త్రీయ నామం రైపిసెఫాలస్ మైక్రోప్లస్. పాత పుస్తకాల్లో బూఫిలస్ అనే పేరుతో కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఉన్నదాన్ని 2012 నుంచి రైపిసెఫాలస్ ఆస్ట్రాలిస్ అని వేరే జాతిగా పరిగణిస్తున్నారు. అమెరికాలో దీనితోపాటు రైపిసెఫాలస్ యాన్యులేటస్ అనే దగ్గరి చుట్టం కూడా ఉంది. నివారణ విషయంలో మూడింటి నడవడికా ఇంచుమించు ఒకటే.

చాలా రకాల గోమార్లు జీవితకాలంలో మూడు జంతువులు మారతాయి. పిల్లగా ఒకదాని మీద, పిల్లకూ పెద్దకూ మధ్య ఉండే నింఫ్ దశలో మరోదాని మీద, పెద్దయ్యాక ఇంకోదాని మీద రక్తం తాగుతాయి. ఆవుల గోమారి అలా కాదు. ఆరు కాళ్ల పిల్లగా ఏ జంతువు మీదికి ఎక్కిందో, దాని మీదే రెండుసార్లు కుబుసం విడిచి, ఎనిమిది కాళ్లు తెచ్చుకుని, జతకట్టి, చివరి రోజున కడుపు నిండా రక్తం తాగి నేలమీద రాలుతుంది. ఎక్కినప్పటి నుంచి రాలేదాకా సుమారు 3 వారాలు. మొదటి 18 రోజులు మనకు కనిపించీ కనిపించనట్టు ఉండి, ఆఖరి ఒకటి రెండు రోజుల్లో ఒక్కసారిగా ఉబ్బిపోతుంది. అందుకే నిన్న లేని గోమార్లు ఇవాళ ఎక్కడి నుంచి వచ్చాయని ఆశ్చర్యపోతుంటాం. అవి నిన్నా ఉన్నాయి, మొన్నా ఉన్నాయి.

రాలిన ఆడ గోమారి ఏం చేస్తుందో ఒకసారి గాజు సీసాలో పెట్టి చూశాను. మూతికి పలుచని గుడ్డ గట్టిగా కట్టి నీడలో ఉంచాను. మూడో రోజున దాని ముందు భాగం దగ్గర గోధుమరంగులో నిగనిగలాడే చుక్కలు కొన్ని కనిపించాయి. గసగసం గింజకన్నా చిన్నవి. మర్నాటికి అవి చిన్న కుప్ప అయ్యాయి. రోజురోజుకూ కుప్ప పెరుగుతుంటే గోమారి ముడతలు పడి కుంచించుకుపోయింది. చివరికి తన గుడ్ల పక్కనే ఎండిన తొక్కలా మిగిలింది. ఒక ఆడ గోమారి 2,000 నుంచి 3,000 గుడ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పెడుతుంది. ఆ సీసాలో సలసల మరిగే నీళ్లు పోసి పారేశాను. మీరూ ఇలా చూడాలనుకుంటే గుడ్లు పొదగకముందే ఆ పని చేయండి.

వెచ్చని వాతావరణంలో గుడ్లు 3, 4 వారాల్లో పొదుగుతాయి, చలికాలంలో నెలలు పడుతుంది. పుట్టిన పిల్లలు గడ్డి కొసలకు పాకి గుంపులుగా కాచుకుని ఉంటాయి. జంతువు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, అడుగుల కదలిక తగలగానే ముందు కాళ్లు చాచి పట్టుకుంటాయి. తిండి లేకుండా ఎండాకాలంలో 3, 4 నెలలు, చల్లని కాలంలో 6 నుంచి 8 నెలల దాకా బతకగలవు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూడండి. మీ గుర్రం మీద నుంచి రోజుకు 5 ఆడ గోమార్లు మాత్రమే రాలుతున్నాయనుకుందాం. ఒక్కోటి 2,500 గుడ్లు పెట్టినా రోజుకు 12,500 గుడ్లు. వాటిలో చాలా భాగం ఎండకు, చీమలకు, పక్షులకు పోతాయి. మిగిలినవి చాలు, మందు కొట్టిన ఆవుల మందను మళ్లీ నింపడానికి.

అది ఆవుల గోమారేనా?

గుర్రం మీద కనిపించే ప్రతి గోమారీ ఇదే కాదు. చెవి లోపల లోతుగా, ముళ్లున్న తోలు సంచీలాంటి నింఫులు గుంపుగా కనిపిస్తే అవి మెత్తని శరీరమున్న చెవి గోమార్లు కావచ్చు. పొడవాటి నోటి భాగాలు, కాళ్లమీద తెలుపు, గోధుమ పట్టీలు ఉంటే అది హయలోమ్మా అనే మరో రకం గోమారి. అమెరికా ఖండాల్లో గుర్రాల చెవుల్లో ఉండే, ఒకే జంతువు మీద పెరిగే వేరే గోమారి కూడా ఒకటుంది. ఆవుల గోమారికి నోటి భాగాలు చాలా పొట్టిగా ఉంటాయి, కాళ్లు లేత మీగడ రంగులో సన్నగా ఉంటాయి, వీపుమీద రంగుల నగిషీ ఏదీ ఉండదు. ఉబ్బిన ఆడది సుమారు 1 సెంటీమీటరు పొడవు, నీలి బూడిద రంగు, ఆముదపు గింజ ఆకారం. ఆముదం మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామం రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం గోమారి. ఆ గింజను చూసి పేరు పెట్టినవారికి కూడా గోమారే గుర్తొచ్చిందన్నమాట.

నాలుగైదు గోమార్లను స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, ఏ జంతువు మీద, ఏ తేదీన దొరికాయో చీటీ అంటించి పశువైద్యుడికి చూపించండి. ఏ జాతో కచ్చితంగా తేలితే మిగతా ప్రణాళికంతా దానిమీద ఆధారపడుతుంది. మూడు జంతువులు మారే గోమారికి వేసే లెక్క వేరు, దీనికి వేసే లెక్క వేరు.

ఆ నేలమీద తిరిగే ప్రతి జంతువునూ కాగితం మీద రాయండి

ఇది కూర్చుని చేసే పని. చాలామంది దీన్ని దాటేస్తారు. ఆవులు ఎన్ని, దూడలు ఎన్ని అని మొదలుపెట్టి, గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు, గేదెలు, మేకలు, గొర్రెలు, కుక్కలు, పిల్లులు, రాత్రిపూట కంచె దూకి వచ్చే జింకల దాకా అన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా అది ఎక్కడ మేస్తుంది, ఎక్కడ పడుకుంటుంది, బయటి నేలల్లోకి వెళ్లి వస్తుందా అనేది రాయండి.

అన్నింటి ప్రాధాన్యమూ సమానం కాదు. గుర్రాలు, గాడిదలు ఆవులతో కలిసి మేస్తే వాటి మీద గోమార్లు పూర్తిగా పెరిగి రాలడం సాధారణం. పెద్ద గేదెల మీద తక్కువగా ఉంటాయి, దూడల మీద ఎక్కువ. బురదలో పొర్లే అలవాటు కూడా గేదెకు కొంత రక్షణ. గొర్రెల మీద ఉన్ని చాటున దాక్కుంటాయి కనుక ముఖం, చెవులు, గజ్జలు వెతకాలి. మేకల్లో చెవులు, గిట్టల మధ్య సందులు చూడాలి. కుక్క మీద కనిపించేవి చాలావరకు కుక్కల గోమార్లే. అది వేరే జాతి, దానికి వేరే చికిత్స. ఆ రెండూ ఒకటేననుకుని కంగారు పడకండి.

ఆస్ట్రేలియాలో గోమార్లున్న ప్రాంతం నుంచి లేని ప్రాంతానికి జంతువులను తరలించేటప్పుడు ఆవులతోపాటు గుర్రాలు, గొర్రెలు, మేకలు, జింకలు, లామాలు వంటి వాటిని కూడా గోమారి వాహకాలుగానే చూస్తారు. ఆ జాగ్రత్త వెనుక ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది.

తనిఖీ చేతులతో చేయండి, కళ్లతో కాదు

ఉబ్బిన ఆడ గోమార్లు ఎక్కువగా పొద్దున పూటే రాలతాయి. కాబట్టి తెల్లవారగానే, మేతకు వదలకముందే తనిఖీ చేస్తే దొరికినన్ని మధ్యాహ్నం దొరకవు.

గుర్రాన్ని నీడలో, దానికి అలవాటైన మనిషి పట్టుకోగా నిలబెట్టండి. మీరు దాని భుజం పక్కన నిలబడాలి, ఎదురుగా గానీ వెనక గానీ వద్దు. అరచేయి మెడమీద ఆనించి మొదలుపెట్టండి. జూలును పాయలుగా విడదీసి మొదళ్లు చూడండి. అక్కడి నుంచి మెడ అడుగు భాగం, ఛాతీ, ముందరి కాళ్ల మధ్య. చర్మం పలుచగా, వెచ్చగా ఉండే చోట్ల చేతివేళ్లు వెంట్రుకలకు ఎదురుదిశలో నడవాలి. తరవాత పొట్ట కింద, గజ్జలు, తొడల లోపలివైపు, పొదుగు లేదా వృషణాల చుట్టుపక్కల. తోక ఎత్తి దాని అడుగున, మలద్వారం చుట్టూ చూడండి. చెవుల అంచులు చివర్లో చూడండి, ఎందుకంటే చాలా గుర్రాలు చెవి ముట్టుకోనివ్వవు. అక్కడితో మొదలుపెడితే మిగతా తనిఖీ అంతా పెనుగులాటే అవుతుంది.

ఒక్కో చోట ఎన్ని దొరికాయో లెక్క రాయండి. శరీరానికి ఒకవైపు మాత్రమే లెక్కపెట్టి రెట్టింపు చేసినా చాలు. సగం సెంటీమీటరు దాటినవాటిని విడిగా రాయండి. అవి రేపటిలోగా రాలి గుడ్లు పెట్టబోయేవి.

గుర్రాల విషయంలో ఒక చిక్కు ఉంది, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. గోమారి పిల్లల కాటుకు కొన్ని గుర్రాలకు అలర్జీ వస్తుంది. ఒకసారి ఒళ్లు అలవాటుపడ్డాక, మళ్లీ పిల్లలు కుట్టగానే కాళ్ల కింది భాగంలో, మూతి చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. వెంట్రుకలు కుచ్చులుగా నిక్కబొడుచుకుంటాయి. గుర్రం నేలను కాలితో తన్నుతుంది, ముంగాళ్లను పళ్లతో కొరుక్కుంటుంది, గుంజకు ఒళ్లు రాసుకుంటుంది. ఆ రాపిడికి పిల్లల్లో చాలా భాగం చచ్చిపోతాయి. అందువల్ల ఉబ్బిన పెద్ద గోమార్లు ఒకటి రెండు కూడా కనిపించకపోవచ్చు. యజమాని గజ్జి అనుకుంటాడు, ఈగల బాధ అనుకుంటాడు. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు: సన్నదోమల కాటువల్ల వచ్చే దురద ఎక్కువగా జూలు, తోక మొదట్లో మొదలవుతుంది. గోమారి పిల్లల దురద గడ్డికి తగిలే చోట, అంటే కాళ్లలో, మూతి దగ్గర మొదలవుతుంది. కొత్త బీడులోకి వదిలిన రోజునో మర్నాడో మొదలైందంటే ఇక అనుమానమే లేదు. అలాంటప్పుడు పారదర్శకమైన టేపు ముక్కను పొక్కుల మీద నొక్కి తీసి, వెలుతురులో భూతద్దంతో చూడండి. సుమారు అర మిల్లీమీటరు ఉండే ఆరు కాళ్ల పిల్లలు టేపుకు అంటుకుని కదులుతూ కనిపిస్తాయి.

చేతికి దొరికినవాటిని ఏం చేయాలి

కొద్దిగా ఉంటే చేత్తో తీసేయవచ్చు. చేతి తొడుగులు వేసుకుని, సన్నని పట్టకారుతో గోమారి నోటిని చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, నిదానంగా తిన్నగా లాగండి. మెలితిప్పొద్దు. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు, జంతువు చర్మం దెబ్బతింటుంది, గోమారి లోపలి ద్రవాన్ని గాయంలోకి కక్కుతుంది. గోళ్ల మధ్య చిదమడం అసలే వద్దు, కొన్ని జాతుల గోమార్ల రక్తం నుంచి మనుషులకు ప్రమాదకరమైన వ్యాధులు సోకుతాయి.

పీకినవాటిని నేలమీద పడేయడం ఎంతోమంది చేసే తప్పు. ఉబ్బిన ఆడదాన్ని పీకి పారేస్తే రాలిపోయే పనిని మీరే దానికి చేసిపెట్టినట్టు. స్పిరిట్‌లోనో, మరిగే నీళ్లలోనో వేసి చంపండి.

మందు: ఆవుకు కొట్టింది గుర్రానికి కొట్టొద్దు

ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంచుకోదలిస్తే ఇదే గుర్తుంచుకోండి. అమిట్రాజ్ అనే మందు ఆవుల గోమార్ల మీద బాగా పనిచేస్తుంది, విరివిగా వాడతారు. అదే మందు గుర్రానికి ప్రాణాంతకం. అది గుర్రం పేగుల కదలికను ఆపేస్తుంది. మేత పెద్దపేగులో గడ్డకట్టి, కడుపు నొప్పితో గుర్రం విలవిల్లాడుతుంది. మగతగా నిలబడటం, తూలడం, పేడ వేయకపోవడం, పొట్టకేసి తిరిగి తిరిగి చూసుకోవడం దీని లక్షణాలు. పొరపాటున పడితే వెంటనే సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడిగి పశువైద్యుణ్ని పిలవండి. లక్షణాలు వచ్చేదాకా ఆగొద్దు.

ప్రమాదం నేరుగా కొట్టడం వల్లనే రాదు. ఆవులకు అమిట్రాజ్ కొట్టిన స్ప్రేయర్‌ను పైపైన కడిగి, అందులోనే గుర్రం మందు కలిపి కొట్టినా అడుగున మిగిలినది కలుస్తుంది. అందుకే గుర్రానికి వేరే స్ప్రేయర్ పెట్టుకోండి, దానిమీద పెద్ద అక్షరాలతో రాయండి. మందు కొట్టిన ఆవులను, గుర్రాన్ని అదే రోజు ఇరుకు కొట్టంలో పక్కపక్కన కట్టేయకండి. ఇంకో మాట: మోనెన్సిన్ కలిపిన ఆవుల దాణా కూడా గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేస్తుంది. మందుల డబ్బాలను విడిగా ఉంచినట్టే దాణా సంచులనూ విడిగా ఉంచండి.

గుర్రాలకు సాధారణంగా వాడేవి పెర్మెత్రిన్ వంటి పైరిథ్రాయిడ్ మందులు. డబ్బామీద గుర్రం పేరు స్పష్టంగా రాసి ఉన్న మందునే, పశువైద్యుడు చెప్పిన పలుచనలో వాడండి. ఆవుల వీపు మీద పోసే మందులు, ఆవులకు చేసే ఇంజెక్షన్లు గుర్రాలకు పనికిరావు. గుర్రాలకు నులిపురుగుల కోసం నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ పేస్టు గోమార్లను కూడా పూర్తిగా పోగొడుతుందని నమ్ముకోవద్దు. పందేల్లో పాల్గొనే గుర్రమైతే ఏ మందు ఎన్ని రోజుల ముందు ఆపాలో ముందే కనుక్కోండి.

మందు కొట్టే విధానం. చెమట పట్టి వచ్చిన గుర్రానికి కాదు, విశ్రాంతి తీసుకున్న గుర్రానికి, ఎండ తగ్గాక. వాన వచ్చే సూచన ఉంటే మరో రోజుకు వాయిదా వేయండి. మొదటిసారి వాడే మందైతే ముందురోజు భుజం మీద అరచేయంత చోట రాసి, దద్దుర్లు వస్తాయేమో చూడండి. ముఖానికి స్ప్రే వద్దు. స్పాంజిని తడిపి పిండి, కళ్లు, ముక్కు తగలకుండా తుడవండి. మిగతా ఒంటికి వెంట్రుకల ఎదురుదిశలో, చర్మం తడిసేదాకా కొట్టాలి. పైవెంట్రుకలు మెరిస్తే సరిపోదు, చెయ్యి పెట్టి చూస్తే మొదళ్లు తడిగా ఉండాలి. తోక అడుగు, తొడల మధ్య, ముంగాళ్ల మధ్య, కాళ్ల కింది మడమల దాకా మరిచిపోవద్దు. పూర్తిగా ఆరేదాకా జీను వేయొద్దు. ఆవుల విషయంలోనూ ఇదే సూత్రం: పెద్ద ఆవు పూర్తిగా తడవాలంటే చేత్తో కొట్టేటప్పుడు దాదాపు 10 లీటర్ల ద్రావణం కావాలి. రెండు లీటర్లతో వీపు తడిపి, గోమార్లున్న పొట్టకింద వదిలేస్తే ఆ మందు వృథా.

మిగతా జంతువుల గురించి క్లుప్తంగా: పాలిచ్చే ఆవులు, మేకలు, గేదెలకు వాడే మందుకు పాలు ఎన్నాళ్లు వాడకూడదో డబ్బామీద ఉంటుంది, కచ్చితంగా పాటించండి. ఫ్లుఅజురాన్ వంటి కొన్ని మందులు పాడి పశువులకు అసలు వాడకూడదు. పిల్లులకు పెర్మెత్రిన్ విషం, వాటిని దగ్గరికి రానివ్వకండి. కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు ఐవర్‌మెక్టిన్ ప్రమాదం, పెద్ద జంతువుల పేస్టు నేలమీద పడితే నాకనివ్వకండి. పైరిథ్రాయిడ్ కలిసిన నీళ్లు చెరువులోకి, కాలువలోకి పోతే చేపలు చచ్చిపోతాయి.

అందరికీ ఒకే రోజు

మందు ఎంత మంచిదైనా తేదీ తప్పితే ఫలితం ఉండదు. మందు కొట్టిన మర్నాడే కొత్త పిల్లలు ఎక్కినా, అవి ఉబ్బి రాలడానికి సుమారు 3 వారాలు పడుతుంది. ఆలోగా మళ్లీ కొడితే ఒక్క ఆడదీ గుడ్లు పెట్టలేదు. కాబట్టి 18 నుంచి 21 రోజుల మధ్య తేదీ పెట్టుకోండి. అయితే గుర్రానికి వాడే మందు ఎన్ని రోజులకొకసారి కొట్టవచ్చో దాని డబ్బామీదున్న నియమమే పైమాట.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే జాబితాలోని అన్ని జంతువులకూ అదే రోజు, కనీసం అదే రెండు రోజుల్లో చికిత్స జరగాలి. ఆవులకు ఒకటో తేదీన, గుర్రాలకు పదిహేనో తేదీన చేస్తే నేలమీద ఎప్పుడూ ఏదో ఒక జంతువు గోమార్లను రాలుస్తూనే ఉంటుంది. గోడమీద క్యాలెండర్‌లో తేదీలు ఎర్రగా గుండ్రం చుట్టండి. ఒక పుస్తకంలో తేదీ, జంతువు, మందు పేరు, లెక్కించిన గోమార్ల సంఖ్య రాస్తూ పోండి.

ఖాళీగా వదిలిన బీడు నిజంగా ఖాళీయేనా?

గోమార్లలో చాలా ఎక్కువ భాగం ఏ రోజైనా జంతువుల మీద కాదు, గడ్డిలో ఉంటాయి. వాటిని ఆకలితో చంపడమే అన్నింటికన్నా బలమైన ఆయుధం. పశువులకు మందు కొట్టి శుభ్రం చేసి మరో బీడుకు మార్చి, పాత బీడును వేడి కాలంలో 4 నెలలు, చల్లని కాలంలో 6 నుంచి 9 నెలలు ఖాళీగా ఉంచితే పిల్లలు తిండిలేక చచ్చిపోతాయి.

ఈ పద్ధతి విఫలమైన చోట కారణం వెతికితే తరచూ బయటపడేది ఒకటే: ఆవులు లేవు కదా, గడ్డి వృథా అవుతుందని గుర్రాన్ని అందులో వదిలారు. లేదా రెండు మేకలను కట్టారు. ఒక్క గుర్రం చాలు, ఆరు నెలల ఓపికను వృథా చేయడానికి. ఖాళీ అంటే గోమారి ఎక్కగల ఏ జంతువూ లేకపోవడం.

అడవి జంతువులతో ఇంకా కష్టం. అమెరికాలో 1906లో మొదలుపెట్టిన గోమారి నిర్మూలన కార్యక్రమం 1943 నాటికి దేశమంతటా విజయం సాధించింది. దక్షిణ టెక్సాస్‌లో రియో గ్రాండే నది వెంబడి సుమారు 800 కిలోమీటర్ల సన్నని నిషేధిత మండలం మాత్రం మిగిలింది. ఇప్పటికీ అక్కడి నుంచి గోమార్లు బయటికి పాకుతూనే ఉన్నాయి. తెల్లతోక జింకలు, మన దేశపు జంతువులే అయినా 20వ శతాబ్దపు తొలి సగంలో అక్కడ ప్రవేశపెట్టిన మనుబోతులు వాటిని మోస్తున్నాయి. జింకలకు ఐవర్‌మెక్టిన్ కలిపిన మొక్కజొన్న పెడుతున్నారు. మనుబోతులు ఆ మేతకు రావు. అందుకని అవి కంచె కింద దూరే చోట్ల, జంతువు రాగానే తనంతట తానే చిమ్మే యంత్రాలు పెట్టి, గోమార్లను చంపే సూక్ష్మమైన నులిపురుగులను వాటి ఒంటిమీద చల్లే ప్రయత్నం చేశారు.

న్యూ కాలెడోనియా ద్వీపం కథ నన్ను ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడికి గోమారి 1942లో పశువులతోపాటు చేరింది. అక్కడి రూసా జింకల మీదికీ ఎక్కింది. డెబ్బై ఏళ్లు కూడా గడవకముందే ఆవుల మీది గోమార్లు, జింకల మీది గోమార్లు జన్యుపరంగా రెండు వేర్వేరు గుంపులుగా విడిపోయాయని 2010లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ప్రత్యామ్నాయ ఆతిథేయి అని మనం తేలిగ్గా తీసుకున్నదే గోమారికి శాశ్వతమైన ఇల్లు కాగలదు.

అడవి జంతువులకు మీరు మందు కొట్టలేరు, కొట్టే ప్రయత్నమూ చేయొద్దు. చేయగలిగినవి: దాణా, ఉప్పు గడ్డలు రాత్రంతా బయట ఉంచకపోవడం, నీటి తొట్టెల చుట్టూ గడ్డి పొట్టిగా కోయడం, అడవి అంచున ఉన్న బీడులో పశువులను వరుసగా ఎక్కువ రోజులు ఉంచకపోవడం, జింకలు వచ్చే చోట్లలో మేసిన జంతువులను తరచుగా తనిఖీ చేయడం.

కొత్త జంతువు వస్తే

గుర్రం ఆవుకన్నా ఎక్కువగా ప్రయాణిస్తుంది. పందేలకు, జాతరలకు, జతకట్టించడానికి, అమ్మకానికి లారీ ఎక్కుతుంది. ఒళ్లంతా తళతళలాడే గుర్రం పిల్ల దశలోని వందలాది గోమార్లతో మీ గేటు దాటి రావచ్చు. వచ్చిన రోజే తనిఖీ, చికిత్స చేసి, గడ్డి లేని శుభ్రమైన చోట, మిగతావాటికి దూరంగా కనీసం 3 వారాలు విడిగా ఉంచండి. ఆ చోట పేడ, పరిచిన గడ్డి రోజూ ఎత్తి కాల్చండి, లేదా కప్పి బాగా కుళ్లనివ్వండి. విడిగా ఉంచిన కాలం ముగిసే ముందు మళ్లీ చేతులతో తనిఖీ చేసి, ఏమీ లేకపోతేనే మందలో కలపండి. లారీలో పరిచిన గడ్డి, జీను కింది దుప్పటి, మరో పొలం నుంచి వచ్చిన ఎండుగడ్డి మోపులు కూడా పిల్లలను మోసుకొస్తాయి.

జ్వరం వస్తే

గోమార్లు పశువులకు జ్వరం తెస్తాయని 1893లో థియొబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ నిరూపించారు. ఒక కీటకంలాంటి జీవి వ్యాధిని మోస్తుందని జంతువుల్లో స్పష్టంగా చూపిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. ఆవుల్లో బబేసియా అనే సూక్ష్మజీవి వల్ల తీవ్ర జ్వరం, ఎర్రటి మూత్రం వస్తాయి. ఆ సూక్ష్మజీవి తల్లి గోమారి నుంచి గుడ్లలోకి కూడా దిగుతుంది.

ఆవులకు వచ్చే ఆ బబేసియా గుర్రానికి రాదు. గుర్రానికి దాని సొంత జబ్బు ఉంది. థైలీరియా ఈక్వి, బబేసియా కబల్లి అనే రెండు సూక్ష్మజీవులు దానికి కారణం. వీటిలో థైలీరియా ఈక్విని ఆవుల గోమారి కూడా గుర్రం నుంచి గుర్రానికి చేరవేయగలదని ప్రయోగాల్లో తేలింది. గుర్రం మేత మానేసి, జ్వరంతో నీరసించి, కనురెప్ప లోపలి పొర, చిగుళ్లు పాలిపోయినట్టో పసుపుగానో ఉండి, కాళ్లు వాచి, మూత్రం ముదురు ఎరుపుగా వస్తే అదే రోజు పశువైద్యుణ్ని పిలిచి రక్తపరీక్ష చేయించండి. కోలుకున్న గుర్రం ఒంట్లో థైలీరియా ఈక్వి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. కాబట్టి ఒక గుర్రానికి వాడిన సూదిని మరో గుర్రానికి ఎప్పుడూ వాడకండి.

అన్నీ చేసినా తగ్గకపోతే

అప్పుడు మందు నిరోధకత గురించి ఆలోచించాలి. పైరిథ్రాయిడ్లకు, అమిట్రాజ్‌కు, ఇంకా పాత మందులకు కూడా లొంగని గోమార్లు చాలా దేశాల్లో ఉన్నాయి. ముందు పుస్తకం తీసి చూడండి: పలుచన సరిగ్గా కొలిచారా, చర్మం తడిసిందా, తేదీ తప్పిందా, ఏ జంతువైనా మిగిలిపోయిందా. నాలుగింటికీ జవాబు సరిగ్గా ఉంటే ఉబ్బిన ఆడ గోమార్లు 20, 30 ఏరి, గాలి తగిలే డబ్బాలో బతికుండగానే పశువైద్య ప్రయోగశాలకు పంపించండి. మందు పూసిన కాగితపు పొట్లంలో వాటి పిల్లలను ఉంచి, ఏ మందుకు ఎన్ని చస్తున్నాయో అక్కడ చూస్తారు. ఫలితం వచ్చేదాకా బలం పెంచి కొట్టడం వద్దు. దానివల్ల గోమారికన్నా ముందు మీ జంతువు, మందు కొట్టే మనిషి దెబ్బతింటారు. మందు మార్చాలంటే డబ్బామీది పేరు మార్చడం కాదు, మందు వర్గాన్నే మార్చాలి. ఆవులకు బీఎం86 అనే ప్రోటీన్ ఆధారంగా తయారైన టీకా 1990లలో క్యూబాలో, ఆస్ట్రేలియాలో వచ్చింది. అది ఆవుల కోసం చేసింది, గుర్రానికి కాదు.

తనిఖీలో ఒకసారి సున్నా వచ్చిందని ఆపేయకండి. గడ్డిలో మిగిలిన పిల్లలు ఇంకా నెలల తరబడి బతికే ఉంటాయి. చివరి గోమారి దొరికిన తేదీ నుంచి చల్లని కాలంతో కలిపి 9 నెలలు లెక్కపెట్టి, అందాకా ప్రతి 3 వారాలకూ పొద్దున్నే, ఆవులతో సమానంగా గుర్రం ముంగాళ్ల మధ్య, తోక కింద చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి.